డ్రిల్లు కొంటున్నవా తమ్మీ? ముందుగాల బ్యాటరీ సూడు

మా అన్న కొడుకు ఐటీఐల ఎలక్ట్రీషియన్ కోర్సు జేసి, ఊళ్లె వైరింగు, సీసీ కెమెరాల పనులు పట్టుకుంటున్నడు. పోయిన ఎండకాలం ఫోన్ల జూసి కార్డ్‌లెస్ డ్రిల్లు తెప్పిచ్చుకున్నడు. డబ్బా మీద '48 వీఎఫ్' అని పెద్దగ రాసి ఉంది. రెండు బ్యాటరీలు, బోలెడు బిట్లు, ప్లాస్టిక్ పెట్టె. "కాకా, పేరున్న కంపెనీలోళ్లు 18 వోల్టులే ఇస్తున్నరు, గిది 48" అని సంబురపడ్డడు.

మూడో నెలల ఒక బ్యాటరీ సచ్చింది. అయిదో నెలల రెండోది. ఓ కోళ్ల ఫారంల కెమెరాల పని సగంల ఆగింది, పక్కూరి పిలగాడొచ్చి అది పూర్తిజేసి పైసలు దీస్కపోయిండు. అమ్మినోడు ఫోనెత్తడు.

సచ్చిన బ్యాటరీని నేను విప్పి జూసిన. లోపల అయిదే సెల్లులు. లిథియం అయాన్ సెల్లు ఒక్కోటి 3.6 వోల్టులు. అయిదింటిని వరుసగ కలిపితే 18. నిండ ఛార్జింగైతే సెల్లు 4.2 దాక పోతది, గప్పుడు 21. గంతే. నిజంగ 48 రావాల్నంటే 13 సెల్లులు పట్టాలె. '128 వీఎఫ్' అని అమ్మేటోనికైతే 35 కావాలె, అది చేత పట్టేటిది గాదు, నెత్తిన మోసేటిది. వోల్టుకు గుర్తు 'వి' ఒక్కటే. 'వీఎఫ్' అనే కొలతే లేదు. రేపు ఎవడన్న నిలదీస్తే "మేం వోల్టులని రాయలే గదా" అనేటందుకే ఆ తోక తగిలిచ్చిన్రని నా అనుమానం.

పేరున్నోళ్లు గూడ ఈ అంకెలతోని కొంచెం ఆడుతరు. డివాల్ట్ బ్యాటరీ అమెరికాల '20 వోల్ట్ మ్యాక్స్', యూరప్‌ల '18 వోల్ట్'. సరుకు ఒక్కటే. నిండుగ ఉన్నప్పటి లెక్క ఒకటి, పనిజేసేటప్పటి లెక్క ఇంకోటి. '12 మ్యాక్స్' అన్నా అసలు 10.8నే. 20ని జూసి 18 కంటె జోరుగ ఉంటదని ఎక్కువ పైసలు పెట్టకుండ్రి.

మరి ఏ బ్రాండు కొనాలె? నేనెవ్వని ఏజెంటును గాను. ఒక్కటి మాత్రం తెల్సుకోవాలె: బాష్ బ్యాటరీ మకీటాకు ఎక్కదు, మకీటాది డివాల్ట్‌కు ఎక్కదు. మొదటి డ్రిల్లుతోనే నువ్వు ఒక కంపెనీకి కట్టుబడ్డట్టు. రేపు గ్రైండరు, కట్టర్ కొన్నా అదే బ్యాటరీ మీద నడవాలె. బ్యాటరీ లేకుంట ఉత్త మిషినే గూడ అమ్ముతరు, మకీటాలైతే మోడల్ నంబరు ఆఖరికి 'జడ్' ఉంటది. సస్తగ దొరికిందని ఆన్‌లైన్ల గది బుక్ జేసి, డబ్బా ఇప్పినంక నెత్తి పట్టుకున్నోళ్లు ఉన్నరు.

అందుకే మీ మండలంల మేస్త్రీలు, కార్పెంటర్లు ఏది వాడుతున్నరో ముందుగాల అడుగుండ్రి. మీది దిగిపోయిన రోజు పక్కోని బ్యాటరీ అక్కరకొస్తది. సర్వీస్ సెంటర్ ఎక్కడున్నదో గూడ అడుగుండ్రి. రిపేరుకు ఒకసారి రాణిగంజ్ దాక పోయొస్తే బస్ కిరాయి, ఒకరోజు కూలి రెండూ పోతయి. ఒక్క బ్యాటరీని విడిగ కొంటే ఎంతో కనుక్కోవాలె. మిషిన్ పదేండ్లు ఉన్నా బ్యాటరీ ఉండదు.

పనిని బట్టి గూడ ఉంటది. స్క్రూలు, చెక్క, రేకులకు 12 వోల్టులది సాలు, చెయ్యెత్తి సీలింగ్ పని జేసేటోనికి బరువు తక్కువ. ఇటుక గోడకైతే సుత్తి బొమ్మ ఉన్న 18 వోల్టుల ఇంపాక్ట్ డ్రిల్లు. స్లాబుకు మాత్రం ఇది ఏడిపిస్తది. దానికి ఎస్‌డీఎస్ బిట్టు పట్టే రోటరీ హ్యామర్ కావాలె, అండ్ల పిస్టన్ ఉండి వెనక నుంచి కొడ్తది. కరెంటున్న ఇండ్లల్లనే మీ పనైతే అసలు కార్డ్‌లెస్ ఎందుకు? వైరున్న డ్రిల్లు శాన తక్కువకొస్తది, దెబ్బ గట్టిగ కొడ్తది. బ్రష్‌లెస్ అయితే అదే ఛార్జింగు మీద ఎక్కువసేపు నడుస్తది, కానీ దాని బోర్డు పోతే మన వైండింగ్ షాపోనికి శాతగాదు. కార్బన్ బ్రష్షులదైతే నువ్వే మార్చుకోవచ్చు. దినాం వాడేటోడు బ్రష్‌లెస్‌కే పోవాలె, అప్పుడప్పుడు వాడేటోనికి అక్కరలేదు. ఏదైనా సరే, ఎండల నిలబెట్టిన బండి డిక్కీల బ్యాటరీ పెట్టకుండ్రి, ఏడికి అది తొందరగ ముసల్దైతది.

నాకు కోపమొచ్చేది ఇంకో ముచ్చటకు. ఫోన్లకు యూరప్ 2024 డిసెంబర్ నుంచి ఒక్కటే పిన్ను పెట్టిచ్చింది. జర్మనీల మెటాబో 2018ల వేరే కంపెనీలతోని కలిసి ఒక్కటే బ్యాటరీ అందరి మిషిన్లకు ఎక్కేటట్టు జేసింది. అంటే చేతనైన పనే. మన కేంద్రం 2022ల 'రిపేరు హక్కు' మీద కమిటీ ఏసినప్పుడు పొలం యంత్రాలు, ఫోన్లు, ఇంటి సామాన్లు, బండ్లు అని నాలుగు రంగాలు రాసుకున్నది. ఎలక్ట్రీషియన్ పిలగాని చేతిల డ్రిల్లు ముచ్చట అండ్ల లేదు. దాని మీద ఎవ్వడూ అడగలేదు గూడ.

పిలగాడు ఇప్పుడు మండలంల ఇద్దరు మేస్త్రీలను అడిగి, ఆళ్లు వాడే బ్రాండుదే కొన్నడు, కిస్తుల మీద. సచ్చిన బ్యాటరీలు రెండూ మా కిటికీల ఉన్నయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం తయారుజేసినోడే పాతవాటి బాధ్యత తీస్కోవాలె. డబ్బాను నాలుగు దిక్కుల తిప్పి జూసిన. తయారుజేసినోని పేరు ఏడా లేదు.