మేనేజరు వేతనం: పంట పోతే జీతం పోతుందా?

నెల్లూరు సీమలో కోట, వాకాడు తీరానికి రొయ్యల సాగు వచ్చిన తర్వాత ఒక కొత్త ఉద్యోగం కూడా వచ్చింది. గుంటల యజమాని పట్టణంలో ఉంటాడు. మేత, మందులు, కూలీల హాజరు, సరుకు అమ్మకం అన్నీ మేనేజరే చూస్తాడు. పంట బాగున్నంతకాలం జీతం గురించి తగాదా రాదు. 1994-95లో తెల్లమచ్చ తెగులు ఆంధ్ర తీరాన్ని దెబ్బతీసినట్లు ఏదైనా విపత్తు వచ్చినప్పుడే అసలు ప్రశ్న తలెత్తుతుంది. పంట పోయినప్పుడు మేనేజరుకు జీతం ఇవ్వాలా?

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథ్ కేసులో తీర్పు చెబుతూ, తీరప్రాంత నియంత్రణ పరిధిలోని రొయ్యల గుంటలను, సంప్రదాయ సాగును మినహాయించి, తొలగించాలని ఆదేశించింది. అలా పని పోగొట్టుకునే కార్మికులలో ఏడాది సర్వీసు ఉన్నవారికి చట్టప్రకారం రావలసిన పరిహారంతోపాటు ఆరేళ్ళ వేతనం అదనంగా ఇవ్వాలని కూడా చెప్పింది. పునర్విచారణ పిటిషన్ల వల్ల ఆ ఆదేశం యథాతథంగా అమలు కాలేదు. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి, రిజిస్ట్రేషను పద్ధతి ఏర్పడింది. అయితే ఆ తీర్పులోని 'కార్మికుడు' అనే మాటను గమనించాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నిర్వాహక హోదాలో పనిచేసేవారిని కార్మికుల లెక్కలోకి తీసుకోలేదు. గుంటకు కాపలా కాసిన మనిషికి దొరికే రక్షణ ఆ గుంటను నడిపిన మేనేజరుకు దొరకదు.

అయితే పేరును బట్టి హోదా నిర్ణయం కాదు. అతను ప్రధానంగా చేసే పని ఏమిటన్నదే ముఖ్యమని సుప్రీంకోర్టు 1994లో కరోనా సాహూ కంపెనీ కేసులో స్పష్టం చేసింది. మేనేజరని పిలిపించుకుంటూ లెక్కలు మాత్రమే రాసే గుమాస్తా కార్మికుడే కావచ్చు. నిజంగా నిర్వహణాధికారం ఉన్నవాడు మాత్రం తన ఒప్పందాన్ని పట్టుకుని, మూడేళ్ళలోపు సివిల్ కోర్టుకు వెళ్ళవలసి వచ్చేది.

ఇస్లామీ ధర్మశాస్త్రం ఈ విషయాన్ని ఇజారా అధ్యాయంలో చర్చించింది. తన కాలాన్ని ఒకే యజమానికి అప్పగించినవాడు అజీరె ఖాస్. 1869-76 మధ్య ఉస్మానియా ప్రభుత్వం కూర్పించిన మజల్లా ప్రకారం, అతను పనికి సిద్ధంగా హాజరై ఉంటే చాలు, వేతనానికి హక్కుదారుడవుతాడు. యజమాని పని చూపకపోయినా ఆ హక్కు పోదు. అతను అమానతుదారుడు గనుక, తన నిర్లక్ష్యం లేకుండా జరిగిన నష్టాన్ని అతని జీతంలో కోయకూడదు.

ముజారబత్ సంగతి వేరు. అందులో ఒకరిది పెట్టుబడి, మరొకరిది శ్రమ. లాభం వస్తే ముందుగా అనుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. నష్టం వస్తే పెట్టుబడి పోయేది యజమానికి, శ్రమ వృథా అయ్యేది పనిచేసినవాడికి. అక్కడ నెలజీతం అడగడానికి వీల్లేదు. తగాదాలు ఎక్కువగా పుట్టేది ఈ రెండింటినీ కలిపేసినప్పుడే. "పని చూడు, పంట వచ్చాక చూద్దాం" అనే మాటలో జీతమూ తేలలేదు, వాటా కూడా తేలలేదు. వేతనం నిర్ణయించకుండా పని చేయించుకుంటే ఆ ఇజారా లోపభూయిష్టమవుతుంది. అప్పుడు ఉజ్రతె మిస్ల్, అంటే అటువంటి పనికి ఆ ప్రాంతంలో ఇచ్చే వేతనం చెల్లించాలి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 70వ సెక్షను కూడా, ఊరికే చేయాలన్న ఉద్దేశం లేకుండా చేసిన పనివల్ల ప్రయోజనం పొందినవాడు ప్రతిఫలం ఇవ్వాలంటుంది.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన 2019 నాటి వేతనాల కోడ్ నిర్వాహక ఉద్యోగులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. ఉద్యోగం మానినా, తొలగించినా, సంస్థ మూతపడినా రెండు పనిదినాలలో బకాయి చెల్లించాలి.

మద్‌యన్‌లో హజ్రత్ మూసా (అలైహిస్సలామ్) కొలువు కుదిరినప్పుడు గడువు ముందే తేల్చుకున్నారు: ఎనిమిదేళ్ళు తప్పనిసరి, పదేళ్ళు పూర్తిచేయడం ఆయన ఇష్టం. అప్పు లావాదేవీలను రాసుకోమని దివ్యఖుర్ఆన్ ఆదేశిస్తోంది. జీతమా, వాటానా అన్నది గుంటలో పిల్ల వదలకముందే ఒక కాగితం మీద రాసుకున్న ఇద్దరికి పంట పోయిన రోజున కోర్టు గుమ్మం ఎక్కే అవసరం రాదు.