అర్థం అడిగే పాట

 

ఈసారి గోడ పత్రికకు ఒక పాట గురించి రాస్తున్నాను. సినిమా పాట గురించి ఎందుకు అని అనుకోకండి, చివరిదాకా చదవండి.

దసరా సెలవుల్లో నేను మా అన్న దగ్గరికి హైదరాబాద్ పోయాను. అన్న ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఎం.ఎ. చదువుతున్నాడు. తార్నాకలో బస్సు దిగి క్యాంపస్‌లోకి నడిచి పోయాం. అన్న రూములో ఇంకొక అన్న ఉన్నాడు. వాళ్ళది ఆదిలాబాద్ వైపు, ఇంట్లో గోండి మాట్లాడుతారు. ఆయన రోజూ రాత్రి సెల్‌ఫోనులో ఒకే పాట పెట్టుకునేవాడు. ఎందుకని మా అన్నను అడిగితే సంగతి చెప్పాడు. క్యాంపస్‌కు దగ్గరలోనే ఉన్న గోల్నాకలో ఒక అమ్మాయిని ఆయన ఇష్టపడ్డాడు. రెండిళ్ళలోనూ ఒప్పుకోలేదు. చివరకు పెద్దలు, "చదువులు పూర్తి కావాలె, అప్పటిదాకా మీరిద్దరూ మాట్లాడుకోవద్దు, తర్వాత చూద్దాం" అన్నారట.

ఆ పాట 1978లో వచ్చిన 'మరో చరిత్ర' సినిమాలోనిది. కె.బాలచందర్ తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా. పాట రాసింది ఆచార్య ఆత్రేయ, సంగీతం ఎం.ఎస్.విశ్వనాథన్. కథ విశాఖపట్నంలో జరుగుతుంది. అబ్బాయి బాలు తమిళుడు, అమ్మాయి స్వప్న తెలుగు పిల్ల. కమల్‌హాసన్, సరిత నటించారు.

మామూలుగా యుగళగీతం అంటే ఒక చరణం ఆయన, ఒక చరణం ఆమె పాడుతారు. ఇందులో అట్లా కాదు. పి.సుశీల గారు తెలుగులో పాడుతుంటే, కమల్‌హాసన్ మధ్యమధ్యలో తమిళంలో మాట్లాడుతాడు. అర్థం కానిచోట అంటే ఏమిటని అడుగుతాడు. ఆమె నవ్వుతుంది, మళ్ళీ పాడుతుంది. వినేవాళ్ళకు కూడా నవ్వు వస్తుంది. తమిళనాడులో ఈ సినిమాను డబ్బింగ్ చెయ్యకుండా తెలుగులోనే చాలా రోజులు ఆడించారు. 1981లో బాలచందరే దీన్ని హిందీలో 'ఏక్ దూజే కే లియే'గా తీశాడు. అందులో పాడినందుకు మన ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం గారికి జాతీయ అవార్డు వచ్చింది.

సినిమాలో కూడా పెద్దలు ఒక షరతు పెడతారు. ఒక ఏడాది కలవకూడదు, ఉత్తరాలు రాసుకోకూడదు, అప్పటికీ ఇష్టం ఉంటే పెళ్ళి. ఆ ఏడాదిలో బాలు ఒక అబద్ధం వింటాడు, స్వప్న ఇంకొకరిని చేసుకుంటుందని. అది నిజమా అని అడగకుండానే నమ్ముతాడు. కథ అక్కడే దారి తప్పుతుంది. తర్వాత నిజం తెలిసినా, చివరకు ఇద్దరూ చనిపోతారు.

నాకు అర్థమైంది ఏమిటంటే, భాష రానప్పుడు వాళ్ళకు ఏ నష్టమూ జరగలేదు. ఎందుకంటే రాని మాటకు అర్థం అడిగాడు. బాగా అర్థమైన మాట దగ్గరే అడగలేదు.

నేను ఉన్నప్పుడే ఎవరో వచ్చి, గోల్నాక అమ్మాయికి సంబంధం కుదిరిందట అని ఆ అన్నకు చెప్పారు. ఆయన రెండు పూటలు అన్నం తినలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మా అన్నకు భయమైంది. "ఆ అమ్మాయితో మాట్లాడొద్దన్నారు గానీ వాళ్ళ నాయనతో మాట్లాడొద్దనలేదు గదా, పోయి అడుగు" అన్నాడు. ముగ్గురం పోయాం. నేను సందు చివర నిలబడ్డాను. ఆయన గేటు దగ్గరే నిలబడి అడిగాడు. "ఎవడు చెప్పిండు? అసువంటిదేం లేదు. పో, పోయి చదువుకో" అన్నాడు ఆ పెద్దాయన. కోపంగానే అన్నాడు. కానీ తిరిగి వచ్చేటప్పుడు ఆ అన్న దారిలో ఆగి మాకు ఇడ్లీ తినిపించాడు, తనూ తిన్నాడు.

పెళ్ళికి చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్ళు నిండాలి. మనకింకా చాలా టైముంది, చదువుకుందాం. సినిమాలో చావు చూసి ఎవరూ అదే ప్రేమ అనుకోవద్దు. మనసు బాగా లేకపోతే పక్క మంచం మీది స్నేహితునికో, వార్డెన్ సారుకో చెప్పండి.

ఇంకొక మాట. మన హాస్టల్లో కోయ, గోండి, లంబాడీ, తెలుగు అన్నీ ఉన్నాయి. ఒకరి మాట అర్థం కాకపోతే నవ్వకుండా "అంటే ఏంది?" అని అడుగుదాం. ఎవరి మీదైనా ఏదైనా వింటే, వాళ్ళనే పోయి అడుగుదాం.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి