గాజు లేని గొట్టం

“మాస్టారూ, ఇందులో అద్దమే లేదు. మరి పువ్వు పెద్దదెలా అవుతుంది?” ఎక్స్‌టెన్షన్ ట్యూబ్‌లో వేలు దూర్చి అటునుంచి బయటికి చూపిస్తూ ఓ తొమ్మిదో తరగతి కుర్రాడు అడిగాడు. ఫొటోగ్రఫీ సామాన్లలో నాకు అన్నిటికన్నా ముద్దొచ్చేది ఈ బోలు గొట్టమే. లెన్సుకూ కెమెరాకూ మధ్య ఎడం పెంచడం తప్ప దానికి వేరే పని లేదు.

చీకటి గదిలో కొవ్వొత్తి బింబం గోడ మీద పడేలా భూతద్దం పట్టుకోండి. కొవ్వొత్తిని అద్దానికి దగ్గరగా తెస్తే బింబం మసకబారుతుంది. అద్దాన్ని గోడకు ఇంకాస్త దూరం జరిపితేనే మళ్లీ తేటపడుతుంది, ఈసారి పెద్దదిగా. కెమెరాలో ఆ గోడే సెన్సర్. దూరపు కొండను చూసేటప్పుడు 50 మి.మీ. లెన్సు సెన్సర్‌కు 50 మి.మీ. ఎడంలో ఉంటుంది. మామూలు లెన్సులో ఫోకస్ రింగు మొత్తం తిప్పినా అది ముందుకు జరిగేది సుమారు 7 మి.మీ. అందుకే అరమీటరు కన్నా బాగా దగ్గరికెళితే పువ్వు మసకే. మధ్యలో 50 మి.మీ. గొట్టం బిగించామా, లెన్సుకు ఇటు 100 మి.మీ.లో పువ్వు, అటు 100 మి.మీ.లో సెన్సర్! గడ్డిచామంతి ఎంతుందో బింబమూ అంతే. గొట్టం పొడవును లెన్సు నాభ్యంతరంతో (ఇక్కడ 50 మి.మీ.) భాగిస్తే వచ్చేదే ఆవర్ధనం. 25 మి.మీ. గొట్టమైతే సగం పరిమాణం.

ఊరికే మాత్రం రాదు. ఎడం రెట్టింపైతే అదే వెలుగు నాలుగింతల వైశాల్యం మీద పరుచుకుంటుంది కనుక సెన్సర్‌కు దక్కేది నాలుగో వంతు. లెన్సు రంధ్రం ఎఫ్/8 దగ్గరుంటే తేటగా కనబడే లోతు ఒక్క మిల్లీమీటరు. కేసరాలు దొరికితే రేకులు జారిపోతాయి. ఎఫ్/22కి మూసేద్దామంటే, గొట్టం పుణ్యాన అది ఎఫ్/44లా పనిచేసి వివర్తనంతో బొమ్మంతా మెత్తబడుతుంది.

మడతల తిత్తి ఉన్న పాత కెమెరాలకు ఈ ఎడం సమస్యే కాదు. బెర్లిన్‌లో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ సొంతంగా చేసుకున్న కెమెరాతో మొగ్గల్నీ తీగల్నీ 30 రెట్ల దాకా పెంచి తీశాడు. ఆ బొమ్మలు 1928లో పుస్తకమయ్యాయి. 1955లో హైంజ్ కిల్‌ఫిట్ 40 మి.మీ. మాక్రో లెన్సు తెచ్చాడు. నన్నడిగితే, గొట్టాన్ని లెన్సు తన ఒంట్లోనే దాచుకోవడం అది! మరుసటి ఏడు వచ్చిన నికాన్ మైక్రో లెన్సయితే పువ్వుల కోసం పుట్టిందే కాదు, కాగితాలను మైక్రోఫిల్మ్ మీదికెక్కించడానికి పుట్టింది.

మాక్రో లెన్సుకు డబ్బు కూడబెట్టే ముందు ఒక గొట్టం కొనండి. ఎలక్ట్రిక్ కాంటాక్టులున్నదే తీసుకోండి, లేకపోతే ఈనాటి లెన్సుల్లో చాలావాటి రంధ్రం కెమెరా మాట వినదు. గాలి కదలని పొద్దుటిపూట ఫోకస్ రింగును వదిలేసి, కెమెరానే ముందుకూ వెనక్కూ జరిపి చూడండి.