ఏడున్నర సెకన్లు, ముప్పై మాటలు

రెజ్యూమే చేతికి రాగానే హెచ్‌ఆర్ వాళ్లు దాన్ని ఎంతసేపు చూస్తారు? అమెరికాలో ఉద్యోగాల వెబ్‌సైట్ నడిపే లాడర్స్ సంస్థ కంటి కదలికలను పట్టే పరికరాలతో దీన్ని కొలిచింది. 2012లో తేలిన లెక్క 6 సెకన్లు. 2018లో మళ్లీ కొలిస్తే 7.4 సెకన్లు. మన దగ్గర కాస్త అటూ ఇటూ కావచ్చు. అయినా ఒక్క పోస్టుకు వందల దరఖాస్తులు వచ్చే చోట అంతకన్నా తీరిక దొరుకుతుందని ఆశపెట్టుకోవద్దు.

ఆ వ్యవధిలో ఎంత చదవగలరు? ఇంగ్లిష్‌ను మనసులో చదువుకునే పెద్దవాళ్ల సగటు వేగం నిమిషానికి సుమారు 240 మాటలు, అంటే సెకనుకు 4. 7.4 సెకన్లకు దాదాపు 30 మాటలు. పేజీలో 400 మాటలున్నాయనుకుంటే తొలి చూపుకు అందేది పదమూడో వంతు. ఆ 30 మాటలు నచ్చితేనే మిగతాది చదువుతారు.

ఇప్పుడు మన పిల్లల రెజ్యూమేలు తెరిచి చూడండి. పేరు కిందే ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ ఉంటుంది. పేరున్న సంస్థలో సవాళ్లతో కూడిన ఉద్యోగం సంపాదించి, నా నైపుణ్యాలతో సంస్థ ఎదుగుదలకూ నా ఎదుగుదలకూ పాటుపడతాను అన్న వాక్యం ఇంగ్లిష్‌లో పాతిక మాటలకు పైనే మింగేస్తుంది. సీనియర్ ఇచ్చిన ఫైల్లో పేరు, ఫోన్ నంబరు మార్చడంతో వచ్చిన వాక్యమది. రాసినవాళ్ల గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. మొహమాటపడకుండా తీసేయండి.

ఆ చోట చేసిన పని రాయాలి, అదీ అంకెతో. విజయవాడలో మందుల హోల్‌సేల్ షాపులో రెండేళ్లు లెక్కలు చూసిన బీకాం అమ్మాయి ఉందనుకుందాం. ‘ట్యాలీ, జీఎస్టీలో మంచి పరిజ్ఞానం’ అని ఎవరైనా రాసుకోవచ్చు. ఆమె ఇలా రాయాలి: ‘రోజుకు సుమారు 60 బిల్లుల ఎంట్రీ. ప్రతి నెలా 11లోపు జీఎస్టీఆర్-1, 20లోపు జీఎస్టీఆర్-3బీ ఫైలింగ్. 24 నెలల్లో లేట్ ఫీజు సున్నా.’ పన్ను కట్టాల్సి ఉండి 3బీ రిటర్న్ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల ఫీజు, పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. ఆ దెబ్బ తిన్న యజమాని కళ్లు ఆ సున్నా దగ్గర ఆగి తీరతాయి.

అయితే అంకె నిజమైనదై ఉండాలి. 60 ఎలా లెక్కగట్టావమ్మా అని ఇంటర్వ్యూలో తప్పక అడుగుతారు. షాపు మానేసే ముందే ఒక నెల బిల్లుల ఎంట్రీలు ఎన్నో చూసుకుని, పనిదినాలతో భాగిస్తే చాలు. అలా తీసిన అంకె చెప్పేటప్పుడు గొంతు తడబడదు.

ఉద్యోగానుభవం లేని కొత్తవాళ్లు కాలేజీ ప్రాజెక్టు గురించి రాయొచ్చు. నలుగురు కలిసి చేసిన దాంట్లో తమ వంతేమిటో విడదీసి చెప్పాలి. ఇక పెద్ద కంపెనీల్లో రెజ్యూమేను మనిషికన్నా ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. రెండు కాలమ్‌లు, పట్టికలు, బొమ్మలు ఉంటే దానికి సరిగా అందకపోవచ్చు. ఒకే కాలమ్, మామూలు శీర్షికలు మేలు.

పాత బయోడేటాల అలవాటుతో తండ్రి పేరు, మతం, కులం, పెళ్లి సంగతి ఇంకా రాస్తున్నవాళ్లున్నారు. ప్రైవేటు ఉద్యోగానికి వీటిలో ఏదీ అక్కర్లేదు. పైగా నష్టం కూడా ఉంది. పరిశోధకులు సుఖదేవ్ థోరాట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. ఒకే స్థాయి చదువులు, కులం, మతం తెలిసేలా వేర్వేరు పేర్లు. అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండొంతులే, ముస్లిం పేరుకు మూడో వంతే. కష్టపడి చదివిన పిల్లలకు జరిగే ఈ అన్యాయం మనసును కలచివేస్తుంది. మతం, కులం గడులను మనం తీసేయగలం గానీ పేరు తీసేయలేం కదా. అది కంపెనీలు చేయాల్సిన పని. తొలి వడపోతకు కూర్చునేవాళ్లకు పేరు కనబడకుండా రెజ్యూమేలు పంపడం కంపెనీలకు పెద్ద కష్టమేమీ కాదు.