త్రాగుడును మెదడును

త్రాగుబోతును గూర్చి లోకులు సాధారణముగ రెండు మాటలు చెప్పుదురు. సుఖమునకై త్రాగుచున్నాడనునది యొకటి; గట్టిగా దలచినచో మానగలడనునది వేఱొకటి. ఈ రెంటియందును గొంత పొరపాటున్నదని మెదడును శోధించినవారు కనుగొనిన విధమును మా చదువరులకు దెలుపగోరుచున్నాము.

1954వ సంవత్సరమున కెనడా దేశమందలి మాంట్రియల్ నగరమున, మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అను నిరువురు ఒక యెలుక మెదడులో సన్నని తీగ నమర్చి, దానిగుండ స్వల్పముగ విద్యుత్తును బంపిరి. తీగ వారు కోరిన చోటగాక మఱియొక చోట దిగెను. ఎలుకయో, విద్యుత్తు తగిలిన మూలకే మరల మరల పోసాగెను. పిమ్మట నెలుకయే మీటను నొక్కి విద్యుత్తును బొందునట్లు చేయగా, కొన్ని యెలుకలు గంటకు వేయిమార్లకు మించి నొక్కినవి. పలువురు దీనిని సుఖస్థానమనిరి. ఆ పేరే కొంత పెడత్రోవ పట్టించినదని మా యభిప్రాయము.

ఏలయన, అచ్చట బనిచేయు డోపమిన్ అను ద్రవ్యము సుఖమునకంటె కోరికకే యెక్కువ సంబంధించినది. 1990 తరువాతి యేండ్లలో స్విట్జర్లాండునందు వుల్‌ఫ్రమ్ షుల్ట్స్ అను శాస్త్రజ్ఞుడు కోతులకు పండ్లరసమిచ్చుచు, డోపమిన్‌ను వెలువరించు కణములను బరిశీలించెను. మొదట రసము నోటబడినపుడు కణములు చురుకుగొనెను. రసమునకు ముందు దీపము వెలుగునని కోతి నేర్చిన పిమ్మటనో, దీపమును జూచినంతనే చురుకుగొని, రసము వచ్చినపు డూరకుండెను. కల్లుపాకకు బోవు దారి, సీసాల చప్పుడు, జీతము చేతబడు సాయంకాలము త్రాగువానికి ఆ దీపము వంటివి. ఏండ్లతరబడి త్రాగినవానికి సుఖము తఱిగినను కోరిక తఱుగదు. మద్యపాన నిషేధ సభలో ప్రమాణపత్రముపై చేవ్రాలు చేసి మరల త్రాగినవానిని వట్టి యబద్ధికుడని త్రోసివేయుట న్యాయముగాదు.

ఇక మందుల మాట. మెదడు నల్లమందు వంటి ద్రవ్యములను దనంతట దానే చేసికొనును. సారాయి వానిని వెలువరించి, వానిమూలమున డోపమిన్‌ను హెచ్చించును. నాల్‌ట్రెక్సోన్ అను మందు, తాళపుకప్పలో ముందే దూర్చిన మాఱు చెవి వంటిది: తాను తెఱవదు, వేఱుచెవిని దెఱవనీయదు. నల్లమందు జాతి మత్తులకు బానిసలైనవారికై యమెరికాలో 1984న అంగీకరింపబడి, 1994న త్రాగుబోతులకును విధింపబడెను. అందఱికిని గుణమిచ్చునది గాదు. కొందఱిలో తహతహను దగ్గించును.

ఇంటివారు ముఖ్యముగ నెఱుగవలసిన దొకటి గలదు. సారాయి మెదడును మందగింపజేయును గనుక, మెదడు దానికెదురుగ దన చురుకును బెంచుకొనును. నిత్యము విస్తారముగ త్రాగువాడు ఒక్కసారిగ మానినచో, అణచునది పోయి యా చురుకు మాత్రము మిగులును. ఒకటి రెండు దినములలో చేతులు వణకును, మూర్ఛలు రావచ్చును, పిదప మతిభ్రమ కలుగవచ్చును. ప్రాణాపాయము కూడ గలదు. ఒట్టు పెట్టించి గదిలో నుంచి తాళము వేయుటయే మేలని తలచు బంధువులు పలువురు గలరు. అట్టివానిని వైద్యుని యొద్దనే యుంచి మాన్పింపవలెను. నరములను శాంతింపజేయు మందులను దినదినము మోతాదు తగ్గించుచు నిచ్చుటయు, దానితో బి1 విటమిన్ నిచ్చుటయు వైద్యులనుసరించు పద్ధతి.