పటం అంటే గోడకు వేసే బొమ్మ కాదు

పోయిన ఏడాది వార్షికోత్సవానికి మా హాస్టల్ వేదిక వెనుక పెద్ద ఫ్లెక్సీ కట్టాం. ఎర్రటి నేల, దాని మీద పెద్ద కళ్ళ మనుషులు, ఎడ్లబండి, తాటిచెట్టెక్కుతున్న గౌడన్న, బోనమెత్తిన అక్కలు. చూడగానే ఇవి చేర్యాల బొమ్మలని ఎవరైనా చెప్పేస్తారు. ఇంటర్నెట్‌లో దొరికిన వాటిని ఏరి, హన్మకొండలో ప్రింటు కొట్టించి తెచ్చాం. వచ్చిన పెద్దలందరూ వేదిక మీద మన సంస్కృతి ఉట్టిపడుతోందని మెచ్చుకున్నారు. మేమూ మురిసిపోయాం.

రాత్రి ఫ్లెక్సీ విప్పుతుంటే ఎనిమిదో తరగతి తమ్ముడొకడు దగ్గరికొచ్చాడు. ఎప్పుడూ వెనక వరుసలో కూర్చునేవాడు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడనివాడు. "అన్నా, పటం కట్టిండ్రు గని కథ చెప్పనేలేదేందే?" అన్నాడు.

ఏ కథరా అని అడిగాం. పటం విప్పినంక కథ చెప్పకుంటే అది పటమే కాదట, వాళ్ళ తాత అంటాడట. అంతే చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మాట మమ్మల్ని ఏడాది పాటు వదల్లేదు. ఈ వ్యాసం ఆ మాట వెంట మేము పోయినంత దూరం.

చేర్యాల మన వరంగల్ జిల్లాలోదేనని పూర్వ విద్యార్థులు అన్నలు చదువుకున్నారు. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు అది సిద్దిపేట జిల్లాలోకి పోయింది. మడికొండ నుంచి జనగామ, అక్కడి నుంచి ఇంకో బస్సు. అక్కడ ఈ బొమ్మలు వేసేవాళ్ళను నకాషీలంటారు. ఒకప్పుడు తెలంగాణలో చాలా ఊళ్ళలో ఉండేవారు, ఇప్పుడు చేర్యాలలోనూ హైదరాబాదులోనూ కలిపి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని కుటుంబాలే మిగిలాయి. ఈ కళ మాత్రం చాలా పాతది. 1625 నాటి పటం ఒకటి హైదరాబాదులోని జగదీశ్ అండ్ కమలా మిట్టల్ మ్యూజియంలో ఉంది. అంటే ఆ గుడ్డకు నాలుగు వందల ఏళ్ళు.

నకాషీలు అసలు బొమ్మలు వేసింది గోడల కోసం కాదు, కథ చెప్పేవాళ్ళ కోసం. మన ఊళ్ళలో దాదాపు ప్రతి కులానికీ ఆ కులం పుట్టుక కథ చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉండేది. పద్మశాలీలకు కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం చెపుతారు. గౌడులకు గౌడజెట్టీలు, ముదిరాజులకు కాకిపడిగెలవాళ్ళు, మంగలివాళ్ళకు అద్దపువాళ్ళు. గొల్లలకు మందెచ్చులవాళ్ళు పటంతో కాకుండా బొమ్మలను పేర్చి కాటమరాజు కథ చెపుతారు. ఆ బొమ్మలు చేసిచ్చేదీ నకాషీలే. మాదిగలకు డక్కలివాళ్ళు జాంబపురాణం చెపుతారు. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే జాంబవంతుడు పుట్టాడంటుంది ఆ పురాణం. ఊరి చివర ఉంచిన మనిషికి, నువ్వు ఈ భూమి కన్నా పెద్దవాడివని చెప్పే కథ అది. పుస్తకాల్లో మాకు ఎక్కడా దొరకని మాట, ఒక గుడ్డ మీద ఇన్ని తరాలుగా ఉందంటే ఆశ్చర్యపోయాం.

ఈ కథకులకు ఫలానా ఊళ్ళు ఫలానా కుటుంబానివని మిరాశీ హక్కు ఉండేది. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి ఆ ఊరికి వచ్చి, వాడలో పటం కట్టి, రాత్రుళ్ళు కథ చెప్పి, ధాన్యమో డబ్బో త్యాగం పుచ్చుకుని పోయేవారు. పటం వెడల్పు మూడడుగులు, పొడవు ముప్పై నలభై అడుగులు కూడా ఉంటుంది. పైన మొదట వినాయకుడు, సరస్వతి. అక్కడి నుంచి గడి తరువాత గడి కథ కిందికి దిగుతుంది. కథ నడిచేకొద్దీ చుట్ట విప్పుతూ పోతారు. ఒకరు పుల్లతో బొమ్మ చూపిస్తూ చెపుతుంటే తోడున్నవాళ్ళు వంత పాడతారు. పటం పాతబడి చిరిగితే పారేయరు, మనిషి పోతే చేసినట్టే కర్మ చేసి నీళ్ళలో కలుపుతారు. పాత పటాలు తక్కువగా దొరకడానికి ఇదీ ఒక కారణమే.

ఇదంతా ఎందుకు ఆగిందో మీకు చెప్పనవసరం లేదు. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, మన అన్నలు చదువుకుని పట్నం పోయారు. వాడలో పటం కట్టేవాళ్ళు తగ్గితే నకాషీకి పటం వేయమని అడిగేవాళ్ళూ తగ్గారు. చేర్యాల బతకడానికి దారి వెతుక్కుంది. ముప్పై అడుగుల కథను కోసి ఒక్కొక్క గడిని ఒక్కొక్క బొమ్మగా ఫ్రేముల్లో పెట్టింది. కథలకు బదులు నాట్లు వేయడం, బతుకమ్మ, సంత లాంటి పల్లె దృశ్యాలు గీసింది. మాస్కులు, తాళంచెవుల గుత్తులు, పెన్నుల డబ్బాలు వచ్చాయి. భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. దీన్ని తప్పుపట్టే అర్హత మాకు లేదు. ఆ కొన్ని కుటుంబాలు ఇలా మారి ఉండకపోతే ఇవాళ మాకు ఎర్ర రంగు ఎలా వేయాలో చెప్పేవాళ్ళే ఉండేవారు కాదు.

పేరున్న చిత్రకారులూ మన పల్లెల నుంచే తీసుకున్నారు. సిద్దిపేట కాపు రాజయ్య గారి బొమ్మల్లో జానపదుల పండుగలే కనపడతాయి. తోట వైకుంఠం గారి చిత్రాల్లో పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, నల్లని నిగనిగల ఒంటితో ఉన్న ఆడవాళ్ళు మన అమ్మలే, అత్తమ్మలే. లక్ష్మాగౌడ్ గారు మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చి, తన ఊరి మనుషులనూ మేకలనూ దేశమంతా చూసేలా చేశారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. నల్లగా ఉండడం సిగ్గుపడే విషయం కాదని వైకుంఠం గారి ఒక్క బొమ్మ చెప్పినంతగా మాకు ఏ ఉపన్యాసమూ చెప్పలేదు.

కానీ తమ్ముడి ప్రశ్న అలాగే ఉంది. బొమ్మ బతికింది. కథ చెప్పే మనిషి సంగతేమిటి?

కిన్నెర మొగులయ్య గారిని చూడండి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆయన పాట 2022లో భీమ్లానాయక్ సినిమాలో వినపడింది, అదే ఏడు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి పోతున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. అవి చూసిన రోజు మా గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఇంకో పక్క 2023లో వచ్చిన బలగం సినిమా. చివర్లో మన దుగ్గొండి బుడగజంగాల మొగిలయ్య, కొమురమ్మ దంపతులు చావింటి ముందు కథ పాడతారు. ఊళ్ళలో తెరలు కట్టి మరీ ఆ సినిమా చూశారు, చూసినవాళ్ళు ఏడ్చారు. వాళ్ళ పాటను దర్శకుడు అలంకారానికి వాడలేదు, కథను నడిపే పనే అప్పగించాడు. అందుకే అది తగిలిందని మా లెక్క. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో కన్నుమూశారు. అదే 2024లో జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. చిందువాళ్ళు కూడా జాంబపురాణం ఆడేవాళ్ళే.

మా సోషల్ సార్ టోంగా అనే దేశం గురించి చెప్పారు. పసిఫిక్ మహాసముద్రంలో చిన్న చిన్న దీవులు, అన్నీ కలిపి దాదాపు లక్ష మంది జనం. అక్కడి ఆడవాళ్ళు మల్బరీ జాతి చెట్టు బెరడును కొయ్య సుత్తులతో బాది బాది గుడ్డలా చేసి, దాని మీద రంగులతో గుర్తులు వేస్తారు. న్గాటు అంటారట. పెళ్ళికీ చావుకీ అది ఉండాల్సిందే. ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని కలిసి దాన్ని తయారుచేస్తారు. ఆ దేశం నుంచి న్యూజిలాండుకు వలసపోయిన ఫిలిపే తోహి అనే శిల్పి, మేకులు లేకుండా కొబ్బరి పీచు తాళ్ళతో ఇళ్ళూ పడవలూ కట్టే పాత విద్యలోని అల్లికలను తీసుకుని ఇప్పటి శిల్పాలు చేస్తున్నాడు. ఆయన ముందు ఆ అల్లికలు నేర్చుకున్నాడు, తరువాతే వాటిని తన శిల్పాల్లోకి తెచ్చాడు. సార్ చెప్పిన దాంట్లో మాకు బాగా గుర్తుండిపోయింది ఇదే.

కాబట్టి ఈ ఏడు ఫ్లెక్సీ వద్దనుకున్నాం. హాస్టల్ కథతో మా పటం మేమే వేద్దామనుకున్నాం.

చేర్యాలలో ఒక నకాషీ పెద్దాయన మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి ఓపికగా చెప్పారు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, బంక కలిపి పూయాలి. ఆరాక మళ్ళీ పూయాలి, మొత్తం మూడుసార్లు. వెనకటి రోజుల్లో తెలుపుకు శంఖం నూరేవారు, నలుపుకు దీపం మసి, ఎరుపుకు ఇంగిలీకం, నీలానికి నీలిమందు. ఉడుత తోక వెంట్రుకలతో కుంచె. ముందు గీతలు గీసి, వెనక నేలంతా ఎరుపు నింపాలి. దేవుళ్ళకు నీలం, దేవతలకు పసుపు, మనుషులకు గులాబీ ఛాయ. మా తరఫున గులాబీ ఛాయ మనుషులు ఎవరూ లేరని ఒకడు అన్నాడు. పెద్దాయన నవ్వి, మీ కథ మీ రంగులోనే వేసుకోండి అన్నారు.

మొదటిసారి పూర్తిగా చెడగొట్టాం. మెస్‌లో పెద్ద గిన్నె తీసుకుని చింతగింజలు ఉడకబెడితే ఆ వాసనకు వంటమ్మ మమ్మల్ని తిట్టని తిట్టు లేదు. పూత మందంగా వేశాం. ఆరాక అట్టలా బిగుసుకుపోయింది. చుట్ట చుట్టగానే పటపటా పగిలి పెళ్ళలు రాలాయి. మందంగా ఒక్కసారి కాదు, పలుచగా మూడుసార్లు అని ఆయన ఎందుకన్నారో అప్పుడు తెలిసింది. పటం చుట్టడానికి వీలుగా ఉండాలి, ఊరూరా భుజాన మోసుకుపోవాలి గనక. రంగులు మాత్రం దుకాణంలో కొన్నవే.

పన్నెండు అడుగుల గుడ్డ, తొమ్మిది గడులు. ట్రంకుపెట్టెతో గేటు దగ్గర దిగిన పిల్లవాడు. నీళ్ళ ట్యాంకు దగ్గర వరుస. పళ్ళెం పట్టుకుని నిలబడ్డ వరుస. ఆదివారం సద్ది కట్టుకుని వచ్చిన అమ్మ, కిటికీ ఊచలకు ఇవతల కొడుకు. మెట్టుగుట్ట రాళ్ళ మీద పదో తరగతి వాళ్ళ చదువు. పటంలో అన్నిటికన్నా బాగా కుదిరిన గడి అమ్మదే, ముఖం మాత్రం మూడుసార్లు చెరిపాం.

కథ ఎవరు చెప్పాలంటే అందరం ఆ తమ్ముడి వైపే చూశాం. అప్పుడు బయటపడింది, వాడు డక్కలివాళ్ళ పిల్లవాడు. రెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. మాకందరికీ ఒకే ధ్రువపత్రం, ఒకే దుప్పటి, ఒకే పప్పు. అయినా మాలో మాకు పైనా కిందా ఉన్నాయి. మాదిగవాడకు కథ చెప్పే డక్కలివాడికి ఆ వాడలోనే గడప లోపలికి పోయే వీలు లేకుండె. వాడు చేరిన మొదటి వారంలో, ఎవరో ఊరి పిల్లవాడి ద్వారా సంగతి తెలిసి పక్క మంచం వాడు తన ట్రంకుపెట్టెను గది ఆ మూలకు జరుపుకున్నాడు. ఎవరమూ అడ్డం చెప్పలేదు. గుర్తు లేదనుకున్నాం గానీ, వాడికి గుర్తుంది.

కథ చెపుతాను, కానీ ఆ పెట్టె జరిపిన గడి కూడా పటంలో ఉండాలి అన్నాడు.

వారం రోజులు వాదించుకున్నాం. అతిథులొచ్చే రోజున మన పరువు మనమే తీసుకోవాలా అని సగం మంది. ఊరు మనల్ని దూరం పెట్టిందని ప్రతి ఏడూ నాటికలు వేస్తాం గదా, మనం దూరం పెట్టింది ఎందుకు వేయొద్దని సగం మంది. పెట్టె జరిపినవాడు మొదట అలిగాడు. తరువాత ఒక రాత్రి తనే కుంచె పట్టుకుని ఆ గడి వేశాడు. ఇద్దరు పిల్లలు, మధ్యలో ఖాళీ నేల. ఆ ఖాళీ అంతా ఎరుపే.

తమ్ముడి తాత వచ్చి నాలుగు రోజులు నేర్పారు. పుల్ల ఎలా పట్టాలో, ఎక్కడ ఆగాలో, వంత పాడేవాళ్ళు ఎప్పుడు అందుకోవాలో చెప్పారు. కథను పుస్తకాల భాషలో రాసిస్తే ఆయన చదవనివ్వలేదు. కాళోజీ పెరిగిన మడికొండలో మేము ఇంటి మాటలకు సిగ్గుపడడం ఏమిటని మాకే అనిపించింది. అంతా మన మాటల్లోనే చెప్పాడు తమ్ముడు. ఆరో గడి దగ్గర పుల్ల ఆనించి కాసేపు ఊరుకున్నాడు. వంత పాడుతున్నవాళ్ళలో పెట్టె జరిపినవాడూ ఉన్నాడు. ముందు వరుసలో అతిథులకు ఏమీ అర్థం కాలేదు, వెనక వరుసల్లో మాకందరికీ అర్థమయింది.

పటం ఇప్పుడు వార్డెన్ సార్ గది బీరువాలో ఉంది. ఎలుకలు చింతగింజల పూతను తింటాయట, అందుకని వేపాకు పెట్టి చుట్టాం. కింద మూడడుగుల గుడ్డను ఏమీ వేయకుండా పూత పూసి వదిలాం, వచ్చే ఏటి పిల్లలకు. అన్నలు ఎవరి ఊళ్ళోనైనా పటం కథ చెప్పేవాళ్ళుంటే, ఏ కులానికి ఏ కథ చెపుతారో ఒక కాగితం మీద రాసి హాస్టల్‌కు పంపండి. తాత ఇంకా రెండు రాత్రుల జాంబపురాణం మిగిలిందన్నారు. దసరా సెలవుల తరువాత వస్తానన్నారు.