రుక్మిణి నిలిచిన చోటు

కర్నూలులో ఎండాకాలం రాత్రి మిద్దె ఎక్కి దక్షిణానికి తిరిగి నిలబడండి. కాస్త పడమరకు మళ్లి, నేల నుంచి 71 డిగ్రీల ఎత్తున చూపు నిలపండి. 74 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నౌకాదళ ఉపగ్రహం రుక్మిణికి కేటాయించిన చోటు అది. హిందూ మహాసముద్రంలోని యుద్ధనౌకలను కలిపే ఉపగ్రహానికి, సముద్రం ఎరుగని మన సీమ నడినెత్తికి ఇంత చేరువలో చోటు దొరకడం నాకెప్పుడూ అబ్బురమే.

రుక్మిణి అసలు పేరు జీశాట్-7. 2013 ఆగస్టు 30న ఫ్రెంచి గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్-5 రాకెట్ మీద వెళ్లింది. బరువు దాదాపు 2,650 కిలోలు. అప్పటి మన జీఎస్‌ఎల్‌వీకి అది మోయలేని బరువు. రాకెట్ కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో వదిలిపెడితే, కర్ణాటకలోని హాసన్ కేంద్రం ఉపగ్రహ ఇంజన్‌ను విడతలుగా మండించి, భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల పైకి చేర్చింది. ఆ ఎత్తున ఒక చుట్టుకు 23 గంటల 56 నిమిషాలు. భూమి తన చుట్టూ తాను తిరిగేదీ అంతసేపే. అందుకే సెకనుకు మూడు కిలోమీటర్లు పరుగెత్తుతున్నా మనకు కదలనట్టే ఉంటుంది. మిద్దె మీది డిష్‌ను ఒక్కసారి బిగిస్తే ఏళ్ల తరబడి బొమ్మ వచ్చేదీ ఈ కిటుకుతోనే.

కదలనట్టే అన్నాను గానీ, దాన్ని లాగే శక్తులు చాలా ఉన్నాయి. భూమధ్యరేఖ కచ్చితమైన గుండ్రం కాదు. ఆ కొద్దిపాటి వంకర వల్ల ఈ ఎత్తున గురుత్వానికి రెండు పల్లాలు ఏర్పడ్డాయి. ఒకటి పసిఫిక్ మీద. రెండోది దాదాపు 75 డిగ్రీల తూర్పున, మన రేఖాంశాల పక్కనే. ఇంధనం అయిపోయిన పాత ఉపగ్రహాలు కొన్ని, రోటి గుంటలో వేసిన గోళీల్లా, దాని చుట్టూ ఏళ్లకేళ్లు అటూ ఇటూ ఊగుతుంటాయి. రుక్మిణి చోటు ఇంచుమించు ఆ గుంట అడుగునే. కాబట్టి తూర్పు పడమరలకు జారకుండా ఆపడానికి ఖర్చు తక్కువ. ఇంధనమంతా తాగేది సూర్యచంద్రుల లాగుడు. అది కక్ష్యను ఏడాదికి దాదాపు ఒక డిగ్రీ చొప్పున వంచుతుంది. దిద్దకపోతే ఉపగ్రహం రోజూ ఉత్తర దక్షిణాలకు ఊగుతుంది. ట్యాంకులో ఇంధనం ఉన్నన్నాళ్లే దాని కొలువు.

అలల మీద ఊగే నౌకకు డిష్‌ను గురిపెట్టి ఉంచడం కష్టం. అందుకే సీ, కేయూ బ్యాండ్లతోపాటు, చిన్న యాంటెన్నాతో, అంత గురి లేకున్నా అందుకోగల యూహెచ్‌ఎఫ్‌ కూడా రుక్మిణికి ఇచ్చారు. మాట పైకెళ్లి కిందికి దిగడానికి పావు సెకను.

తర్వాతి నౌకాదళ ఉపగ్రహం సీఎంఎస్-03 బరువు 4,410 కిలోలు. 2025 నవంబరు 2న ఎల్‌వీఎం3 రాకెట్ దాన్ని మోసుకెళ్లింది. ఈసారి కౌరూ దాకా పోలేదు. కడపకు రెండు వందల కిలోమీటర్ల లోపే ఉన్న శ్రీహరికోట నుంచే ఎగిరింది.